దొందూ దొందే కాదు: కొత్త అధ్యక్షుడు, మీడియా, మధ్యలో అమెరికా పౌరుడు

1993 మే 18న లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో అమెరికా అధ్యక్షుడి విమానం ఎయిర్‌ఫోర్స్ వన్ ఆగి ఉంది. బిల్ క్లింటన్ పదవిలోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. బయల్దేరే ముందు ఆయన విమానంలోనే హాలీవుడ్‌లో పేరున్న ఒక స్టయిలిస్ట్‌తో హెయిర్‌కట్ చేయించుకున్నారు. రెండు మూడు రోజుల్లో దేశమంతా అదే వార్త. ఆ హెయిర్‌కట్ ఖరీదు 200 డాలర్లనీ, దానికోసం రెండు రన్‌వేలను దాదాపు గంటసేపు మూసేశారనీ, ప్రయాణికులు విమానాల్లో ఇరుక్కుపోయారనీ పత్రికలు రాశాయి, టీవీలు చెప్పాయి. మామూలు జనం కష్టాలు తెలిసిన మనిషిగా గెలిచిన కొత్త అధ్యక్షుడికి అది గట్టి దెబ్బ.

ఆరు వారాల తర్వాత న్యూస్‌డే అనే పత్రిక విమానయాన శాఖ రికార్డులు తెప్పించి చూసింది. షెడ్యూల్ ప్రకారం నడిచే ప్రయాణికుల విమానాలకు చెప్పుకోదగ్గ ఆలస్యం ఏదీ ఆ రికార్డుల్లో లేదు. హెయిర్‌కట్ నిజమే, జనం పడ్డారన్న ఇబ్బంది మాత్రం నిజం కాదు. గోరంత విషయం కొండంత అయింది. కానీ మొదటి వార్త వెళ్ళినంత దూరం దిద్దుబాటు వెళ్ళలేదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనుకున్నవాళ్ళు ఆ తర్వాత కూడా అలాగే అనుకున్నారు.

అదే క్లింటన్ విషయంలో ఇంకో సంఘటన. 1998 జనవరిలో, వైట్‌హౌస్‌లో పనిచేసిన ఒక యువతితో ఆయనకు సంబంధం ఉందన్న వార్త బయటికొచ్చింది. జనవరి 26న ఆయన టీవీ కెమెరాల ముందు వేలు చూపిస్తూ గట్టిగా కాదన్నారు. ఆగస్టు 17న, గ్రాండ్ జ్యూరీ ముందు వాంగ్మూలం ఇచ్చిన రోజు రాత్రి, ఆ సంబంధం నిజమేనని దేశానికి చెప్పుకున్నారు. ఈసారి పత్రికలు రాసింది నిజం, అధ్యక్షుడు చెప్పింది అబద్ధం.

మొదటి సంఘటన చూసి ‘పత్రికలు ఈయన మీద కక్ష కట్టాయి’ అని తీర్మానించుకున్న మనిషి రెండోసారి మోసపోయాడు. రెండో సంఘటన చూసి ‘పత్రికలు ముందునుంచీ సరిగ్గానే రాశాయి’ అనుకున్న మనిషి మొదటి దాన్ని మర్చిపోయాడు. అధ్యక్షుడికీ మీడియాకూ మధ్య ఎవరిని నమ్మాలో తేల్చుకోలేని అమెరికా పౌరుడి ఇబ్బందంతా ఈ రెండు సంఘటనల్లో కనిపిస్తుంది. ఒకరి ఖాతాలో కోత పడినంత మాత్రాన అది ఇంకొకరి ఖాతాలో జమ కాదు. ఈ చిన్న లెక్కను అధ్యక్షుడి అభిమానులూ, ఆయన్ని ద్వేషించేవాళ్ళూ ఒకే రకంగా తప్పుతారు.

ఎటూ మొగ్గని మనిషిని అందరూ ‘గోడ మీద పిల్లి’ అంటారు. ఆ మాట ఇక్కడ సరిపోదు. గోడ మీద పిల్లి తనకు లాభం ఉన్నవైపు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఈ పౌరుడికి ఏ వైపూ లాభం లేదు, పైగా రెండు వైపులనుంచీ మాటలు పడతాడు. ఉద్యోగాల మీద, ధరల మీద, సరిహద్దుల మీద కొత్త అధ్యక్షుడు చెప్పింది నచ్చి ఓటు వేసి ఉండొచ్చు, ఆయన నోటి తీరు నచ్చకపోవచ్చు. ఓటు వెయ్యకపోయినా, గెలిచాడు కాబట్టి పని చెయ్యనిచ్చి చూద్దాం అనుకోవచ్చు. ఇలాంటి మిశ్రమ అభిప్రాయం ఉన్నవాళ్ళు టీవీ చర్చల్లో దాదాపు కనిపించరు. కుర్చీలు రెండే వేస్తారు కాబట్టి.

ఒకప్పుడు ఇలాంటివాళ్ళకు సర్వేల్లో ఒక చోటు ఉండేది. కొత్త అధ్యక్షుడు పదవిలోకి రాగానే గాలప్ సంస్థ ఆయన పనితీరు నచ్చిందా లేదా అని అడుగుతుంది. 1981లో రొనాల్డ్ రీగన్ వచ్చినప్పుడు 51 శాతం నచ్చిందన్నారు, 13 శాతం నచ్చలేదన్నారు. మిగతా 36 శాతం మంది ఇంకా చెప్పలేమన్నారు. 1989లో జార్జి బుష్ సీనియర్ వచ్చినప్పుడు ‘ఇంకా చెప్పలేం’ అన్నవాళ్ళు 43 శాతం, నచ్చలేదన్నవాళ్ళు 6 శాతమే. 2017లో డొనాల్డ్ ట్రంప్ మొదటిసారి వచ్చినప్పుడు 45 శాతం నచ్చిందన్నారు, 45 శాతం నచ్చలేదన్నారు. 2025లో ఆయన రెండోసారి వచ్చినప్పుడు ఆ అంకెలు 47, 48. ఎటూ చెప్పనివాళ్ళు నూటికి ఐదుగురే మిగిలారు.

ఈ అంకెల్లో అందరూ చూసేది అధ్యక్షుడికి ఎంత మద్దతు ఉందనే. అంతకంటే బాధ కలిగించే సంగతి ‘ఇంకా తెలియదు’ అనే జవాబు చెరిగిపోవడం. రీగన్ పదవిలోకి వచ్చి రెండు వారాలైనా నిండకముందు ఆయన ఎలా పనిచేస్తున్నాడో తెలియదని మూడో వంతు జనం నిజాయితీగా చెప్పారు. అంత తక్కువ రోజుల్లో ఎవరికైనా ఏం తెలుస్తుంది? ఇప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు దాదాపు లేరు. ట్రంప్ 2025లో కొత్తవాడు కాదు కాబట్టి జనానికి ముందే అభిప్రాయం ఉండటం సహజమే అనొచ్చు, అది సరే. కానీ 2017లో ఆయన అంతకుముందు ఏ ప్రభుత్వ పదవీ చెయ్యని మనిషి. అప్పుడు కూడా నూటికి తొంభై మంది మొదటి వారంలోనే తీర్పు ఇచ్చేశారు. వాళ్ళు తీర్పు ఇచ్చింది ఆయన పని మీద కాదు, ఎన్నికల ప్రచారం మీద, పార్టీ మీద.

తమను ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లుగా చెప్పుకునేవాళ్ళు 2024 గాలప్ లెక్కల్లో 43 శాతం ఉన్నారు. ఆ అంకె చూసి దేశంలో సగానికి దగ్గరగా తటస్థులే అనుకోకూడదు. కాస్త గుచ్చి అడిగితే వాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక పార్టీ వైపు మొగ్గుతారు, ఓటు కూడా దాదాపు అలాగే వేస్తారు. నిజంగా ఎటూ మొగ్గనివాళ్ళు పదిమందిలో ఒకరు ఉంటారేమో. అయినా పార్టీ పేరు పెట్టుకోవడానికి ఇంతమంది ఇష్టపడకపోవడంలో ఒక అర్థం ఉంది. ఓటు ఒకరికే వెయ్యాలి కాబట్టి వేస్తున్నారు, మనసు మాత్రం మొత్తం ఇవ్వడం లేదు.

తొందరపడి ఇచ్చిన తీర్పు ఎంత మారుతుందో చెప్పడానికి జెరాల్డ్ ఫోర్డ్ కథ బాగా పనికొస్తుంది. వాటర్‌గేట్ కుంభకోణంతో రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేసినప్పుడు, 1974 ఆగస్టు 9న ఫోర్డ్ అధ్యక్షుడయ్యారు. దేశానికి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఉదయం తన టిఫిన్ తానే చేసుకునే సాదాసీదా మనిషని పత్రికలు మురిసిపోతూ రాశాయి. గాలప్ సర్వేలో 71 శాతం మద్దతు వచ్చింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 8 ఆదివారం ఉదయం, ఆయన నిక్సన్‌కు పూర్తి క్షమాభిక్ష ప్రకటించారు. దాన్ని తప్పుపడుతూ సొంత ప్రెస్ సెక్రటరీయే రాజీనామా చేశారు. మద్దతు 50 శాతానికి పడిపోయింది. లోపాయికారీ ఒప్పందం కుదిరే నిక్సన్ దిగిపోయి ఉంటాడన్న అనుమానం దేశమంతా పాకింది. 1976 ఎన్నికల్లో ఫోర్డ్ ఓడిపోయారు.

2001లో జాన్ ఎఫ్ కెన్నెడీ లైబ్రరీ ఫౌండేషన్ ధైర్యసాహసాలకు ఇచ్చే పురస్కారాన్ని ఫోర్డ్‌కు ఇచ్చింది. ఏ నిర్ణయానికి? ఆ క్షమాభిక్షకే. 1974లో దాన్ని గట్టిగా వ్యతిరేకించిన సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ, అప్పుడు తాను పొరబడ్డానని ఆ సభలో ఒప్పుకున్నారు. క్షమాభిక్ష సరైనదా కాదా అన్నది ఇప్పటికీ వాదించుకోదగ్గ విషయమే. చట్టం ముందు అందరూ సమానమైతే మాజీ అధ్యక్షుడికి మినహాయింపు ఎందుకన్న ప్రశ్న ఈ రోజుకీ బలంగానే నిలబడి ఉంది. అయితే ఆగస్టులో పొగిడిన పత్రికలకు గానీ సెప్టెంబరులో తిట్టిన పత్రికలకు గానీ అసలు విషయం అప్పటికి పూర్తిగా తెలియదు. ఆ రెండు నెలల్లోనూ ‘ఇంకా చూడాలి’ అనుకున్న పౌరుడు పిరికివాడేమీ కాదు.

కొత్త అధ్యక్షుడి మొదటి రోజుల వార్తల్లో ఎక్కువగా కనిపించేది సంతకం. టేబుల్, పెన్ను, తోలు ఫైలు, చుట్టూ నిలబడ్డ మనుషులు. 2009 జనవరి 22న, పదవిలోకి వచ్చిన మూడో రోజు, బరాక్ ఒబామా ఉగ్రవాద అనుమానితులను బంధించి ఉంచిన గ్వాంటనామో జైలును ఏడాదిలోగా మూసేయాలన్న ఆదేశం మీద సంతకం చేశారు. అభిమానులకు అది ఒక చీకటి అధ్యాయానికి ముగింపు, వ్యతిరేకులకు దేశభద్రతతో ఆట. రెండు వర్గాలూ జైలు మూతపడిపోయినట్టే మాట్లాడాయి. అప్పుడక్కడ దాదాపు 240 మంది ఖైదీలు ఉన్నారు. వాళ్ళను అమెరికా గడ్డ మీదికి తీసుకురాకుండా కాంగ్రెస్ చట్టంతో అడ్డుకట్ట వేసింది. కొందరిని సొంత దేశాలు తీసుకోలేదు, కొందరిని పంపడానికి దేశాలు దొరకలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒబామా దిగిపోయేనాటికి 41 మంది మిగిలారు. జైలు మూతపడలేదు.

దీన్ని అబద్ధపు హామీ అనొచ్చా? 240 నుంచి 41కి తగ్గడం చిన్న పనేమీ కాదు. పోనీ నెరవేరిన హామీ అనొచ్చా? అదీ కుదరదు. ఇలాంటి ఫలితాన్ని రెండు ముక్కల్లో చెప్పలేం కాబట్టే అది హెడ్‌లైన్ కాలేదు. సంతకం పెట్టిన రోజు కెమెరాలకు పని ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కమిటీల్లో, కోర్టుల్లో, బడ్జెట్ కేటాయింపుల్లో నలిగే పనిని చూపించడానికి బొమ్మ దొరకదు. అధ్యక్షుడు నియమించే రాజకీయ పదవులు నాలుగు వేల దాకా ఉంటాయి, వాటిలో 1,200కు పైగా పదవులకు సెనేట్ ఆమోదం కావాలి. ఏ శాఖలో ఎవరు కూర్చున్నారు, ఏ కుర్చీ ఏడాదైనా ఖాళీగా ఉంది అన్నది చూస్తే ప్రభుత్వం ఎలా నడవబోతోందో చాలావరకు అర్థమవుతుంది. ఆ వార్త చదివేవాళ్ళు తక్కువ, రాసేవాళ్ళు అంతకంటే తక్కువ.

ఇక మీడియా ఖాతా. 1976లో, పత్రికలు వాటర్‌గేట్‌ను బయటపెట్టిన జ్ఞాపకాలు ఇంకా తాజాగా ఉన్నప్పుడు, అమెరికన్లలో 72 శాతం మందికి మీడియా మీద నమ్మకం ఉండేది. 2024కి అది 31 శాతానికి వచ్చింది. ఆ ఏడాది డెమొక్రాట్లలో సగానికి పైగా నమ్మారు, రిపబ్లికన్లలో నమ్మింది నూటికి పన్నెండుమంది. ఈ పతనానికి రాజకీయ నాయకుల తిట్లే కారణమంటే అది సగం నిజమే అవుతుంది. మిగతా సగం మీడియా చేజేతులా తెచ్చుకున్నది.

2003 ఇరాక్ యుద్ధానికి ముందు, సద్దాం హుస్సేన్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయన్న ప్రభుత్వ వాదనను పెద్ద పత్రికలు గట్టిగా పరీక్షించలేదు. ఆయుధాలు దొరకలేదు. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ సంపాదకులు తమ రాతల్లో ఉండాల్సినంత పట్టుదల లేదని పాఠకులకు రాసుకున్నారు. తర్వాత వాషింగ్టన్ పోస్ట్ కూడా తన పేజీల్లోనే తన లోపాలను బయటపెట్టుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సమయంలో నిలదీయలేదన్న కోపం న్యాయమైన కోపం.

కానీ అదే రోజుల్లో నైట్ రిడ్డర్ అనే సంస్థ వాషింగ్టన్ విలేకరులు ఆ ఆయుధాల వాదనను వరసగా అనుమానిస్తూ రాశారు. దేశంలోని పలు నగరాల్లో ఆ సంస్థకు పత్రికలు ఉండేవి, న్యూయార్క్‌లో గానీ రాజధానిలో గానీ దానికి సొంత పత్రిక లేదు. అందుకే ఆ కథనాలు నిర్ణయాలు తీసుకునేవాళ్ళ టేబుళ్ళ మీదికి పెద్దగా చేరలేదు. కాబట్టి 2003లో ‘మీడియా’ తప్పు చేసిందా? కొన్ని పత్రికలు తప్పు చేశాయి, కొన్ని చెయ్యలేదు. మీడియా అనే మాటను ఒకే మనిషి పేరులా వాడటం మొదలుపెడితే సరిగ్గా పనిచేసిన విలేకరి కూడా తప్పు చేసినవాడి పద్దులో కొట్టుకుపోతాడు.

ప్రాంతీయ పత్రికల కథ ఇంకా దిగులు పుట్టిస్తుంది. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి. తన ఊరి మేయరు గురించి, స్కూలు బోర్డు గురించి రాసే పత్రిక ఉన్నప్పుడు, అందులోని నిజానిజాలు పౌరుడు కళ్ళతో చూసి పోల్చుకునేవాడు. విలేకరి ఏ వీధిలో ఉంటాడో కూడా తెలిసేది. ఆ పత్రిక పోయాక మిగిలేది దేశ రాజధాని వార్తే. అది అతను స్వయంగా చూసి తేల్చుకోగలిగింది కాదు. 1980లో సీఎన్ఎన్, 1996లో ఎంఎస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ అనే వార్తా ఛానెళ్ళు వచ్చాక రోజంతా వార్తలు నింపాల్సి వచ్చింది. ప్రతి రాష్ట్రంలో విలేకరుల్ని పెట్టడం కంటే స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి వాదించుకోనివ్వడం చవక. ప్రేక్షకుడు అభిప్రాయాన్ని వార్త అనుకుంటాడు, తర్వాత ఆ అభిప్రాయం తప్పని తేలితే వార్తలనే నమ్మడం మానేస్తాడు.

ఇంతవరకు వచ్చాక ఎటూ తేల్చుకోని పౌరుడికి ఒక తేలికైన దారి కనిపిస్తుంది. దొందూ దొందే అనేయడం. అధ్యక్షుడూ అంతే, మీడియా అంతే, ఎవరినీ నమ్మక్కర్లేదు. ఈ మాట వినడానికి తటస్థంగా ఉంటుంది గానీ ఇది కూడా తొందరపాటు తీర్పే. ఇందులో కొలత లేదు.

పత్రికలతో గొడవపడని అధ్యక్షుడు అమెరికాలో లేడన్నది నిజం. 1787లో, పత్రికలు లేని ప్రభుత్వమా, ప్రభుత్వం లేని పత్రికలా అంటే రెండోదే కోరుకుంటానని థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశారు. అధ్యక్షుడిగా ఆరేళ్ళు గడిచాక, 1807లో, పత్రికలో కనిపించేది ఏదీ నమ్మడానికి లేదని మరో ఉత్తరంలో రాశారు. రెండూ ఆయనే రాసినవి, రెండూ మనస్ఫూర్తిగా రాసినవే. ఆ రెండు ఉత్తరాల మధ్య ఉన్న దూరంలోనే సామాన్య పౌరుడు కూడా అటూ ఇటూ తిరుగుతుంటాడు.

అయితే విసుక్కోవడం వేరు, అధికారం వాడటం వేరు. జాన్ ఆడమ్స్ హయాంలో 1798లో వచ్చిన సెడిషన్ (రాజద్రోహ) చట్టం కింద ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్ళను, వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్‌తో సహా, జైల్లో పెట్టారు. 2013లో ఒబామా ప్రభుత్వ న్యాయశాఖ అసోసియేటెడ్ ప్రెస్ విలేకరుల రెండు నెలల ఫోన్ రికార్డులను చెప్పకుండా తీసుకున్న సంగతి బయటపడింది. 2017 ఫిబ్రవరిలో ట్రంప్ కొన్ని వార్తా సంస్థలను ప్రజల శత్రువులన్నారు. 2025 ఫిబ్రవరిలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికోను కొత్త పేరుతో రాయడానికి ఒప్పుకోలేదని అసోసియేటెడ్ ప్రెస్‌ను ఓవల్ ఆఫీసులోకి రానివ్వలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది. ఇందులో ఏ పార్టీకీ పూర్తి మినహాయింపు లేదు. అలాగని ఇవన్నీ ఒకే బరువున్నవీ కావు. నోటితో తిట్టడం కంటే గుమ్మం దగ్గర ఆపడం పెద్దది, దానికంటే జైల్లో పెట్టడం పెద్దది. ఒక్కో పనినీ దాని బరువుతో తూచాలి.

రెండు ఖాతాల మధ్య ఇంకో తేడా ఉంది. ఒక పత్రిక తప్పు రాస్తే ఇంకో పత్రిక దాన్ని పట్టుకోగలదు, పట్టుకుంటే దానికి పేరు కూడా వస్తుంది. అధ్యక్షుడి చేతిలో న్యాయశాఖ ఉంటుంది, నిఘా సంస్థలు ఉంటాయి, సైన్యం ఉంటుంది. ఇద్దరి మీదా సమానంగా అనుమానం ఉండొచ్చు, కానీ అధికారం ఉన్నవాడి మీద కాపలా ఎక్కువ ఉండాలి.

ఎటూ తేల్చుకోకపోవడానికి హద్దు కూడా ఉంది. 2017 జనవరి 20న ట్రంప్ ప్రమాణ స్వీకారానికి వచ్చిన జనం చరిత్రలోనే అందరికంటే ఎక్కువని మర్నాడు వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ ప్రకటించారు. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారం నాటి ఫోటో, ఆ రోజు ఫోటో పక్కపక్కన ఉన్నాయి. ఏది ఎక్కువో కంటికి కనిపిస్తోంది. అక్కడ ‘ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది’ అనడం న్యాయం కాదు. సుంకాలు పెంచడం మంచిదా, వలసల మీద ఎంత కట్టడి ఉండాలి, ఒక యుద్ధంలో ఎంత సాయం చెయ్యాలి, వీటి మీద రెండు మనసులు ఉండొచ్చు, చాలాకాలం ఉండొచ్చు. లెక్కపెట్టగలిగినదాని మీద ఉండకూడదు.

ఓపిక ఉన్నవాళ్ళకు మూలం దాకా వెళ్ళే దారులు కొన్ని ఉన్నాయి. అధ్యక్షుడి ఆదేశాలు ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో పూర్తి పాఠంతో అచ్చవుతాయి, అది 1936 నుంచి నడుస్తోంది. కాంగ్రెస్ ప్రతినిధుల సభలో ఎవరేం మాట్లాడారో 1979 నుంచి, సెనేట్‌లో 1986 నుంచి సీ-స్పాన్ అనే టీవీ ఛానెల్ కత్తిరింపులు లేకుండా చూపిస్తోంది. కోర్టు తీర్పులు ఎవరైనా చదవొచ్చు. పిల్లల స్కూలు, ఉద్యోగం, ఇంటి పని మధ్యలో ఇవన్నీ రోజూ చదివే తీరిక ఎవరికీ ఉండదు, ఉండాలనడం కూడా అన్యాయం. తనకు బాగా పట్టింపు ఉన్న ఒకే ఒక్క విషయంలోనైనా వార్తకూ మూలానికీ మధ్య ఎంత తేడా ఉందో చూసుకుంటే, మిగతా విషయాల్లో ఏ పత్రికను ఎంత నమ్మవచ్చో ఒక అంచనా దొరుకుతుంది.

క్లింటన్ హెయిర్‌కట్ విషయంలో న్యూస్‌డే రికార్డులు తెప్పించుకున్నది సమాచార స్వేచ్ఛ చట్టం కింద. కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు జాన్ మాస్ ఆ చట్టం కోసం పదేళ్ళకు పైగా పోరాడారు. పత్రికా సంపాదకుల సంఘాలు ఆయన వెనక నిలబడ్డాయి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు అది బొత్తిగా ఇష్టం లేదు. 1966 జూలై 4న టెక్సాస్‌లోని తన రాంచ్‌లో ఉండగా, ఏ వేడుకా లేకుండా సంతకం పెట్టారు. ఇరవై ఏడేళ్ళ తర్వాత అదే చట్టం, పత్రికలు ఒక అధ్యక్షుడి మీద వేసిన తప్పుడు నిందను చెరిపేసింది. చెరిపింది కూడా ఒక పత్రికే.